పాస్‌వర్డ్ కరెక్టే, అయినా రానివ్వట్లేదు: ఒక చిన్న ఆఫీసు రిమోట్ డెస్క్‌టాప్ కేసు

ఈ కేసు రాసి పెట్టుకోవడానికి కారణం ఏంటంటే ఇందులో రెండు జబ్బులు ఒకే లక్షణంతో వచ్చాయి, మొదటిది బయటి నుంచి వచ్చింది, రెండోది నేనే అంటించా. మొదటిది పట్టుకోవడానికి నాకు ఒక్క పూట పట్టింది, రెండోదానికి పది రోజులు. ఊరు, పేర్లు, ఐపీలు, యూజర్ నేమ్‌లు అన్నీ మార్చేశాను, జరిగింది మాత్రం జరిగినట్టే.

ఆఫీసు సంగతి

కోస్తాలో ఒక టౌన్‌లో ట్యాక్స్ ప్రాక్టీస్ చేసే ఆఫీసు. తొమ్మిది పీసీలు, ఒక సర్వర్. సర్వర్ మీద విండోస్ సర్వర్ 2019, డొమైన్ లేదు, వర్క్‌గ్రూపే (అంటే అందరి అకౌంట్లూ ఒకచోట నుంచి నడిపే ఏర్పాటు లేదు, ఏ మెషీన్ యూజర్లు ఆ మెషీన్‌వే), క్లయింట్ల టాలీ డేటా మొత్తం దాంట్లోనే ఉంటుంది. స్టాఫ్‌లో ఆరుగురు రిమోట్ డెస్క్‌టాప్‌తో, అంటే తమ పీసీలోనే సర్వర్ స్క్రీన్ తెరుచుకుని, దాంట్లోకి వెళ్ళి పని చేస్తారు, అందులో నలుగురు వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి. రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు ఉన్నాయి, అది కూడా డివైస్ లెక్కన కొన్నవి, వర్క్‌గ్రూప్‌లో యూజర్ లెక్కన కొంటే గంటకోసారి సెషన్ కట్ అవుతుంది కాబట్టి అది సరిగ్గానే చేశారు.

2020 లాక్‌డౌన్‌లో అప్పటి టెక్నీషియన్ రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్ట్ తెరిచి, బయటి నుంచి వచ్చేవాళ్ళు నేరుగా సర్వర్‌కి చేరేలా ఫార్వర్డ్ పెట్టాడు. ఆ రోజుల్లో అందరూ చేసిందే, రెండు వారాలకి అని తెరిచి మళ్ళీ ఎవరూ మూయలేదు. బ్రాడ్‌బ్యాండ్‌కి స్టాటిక్ ఐపీ లేదు, మారే ఐపీయే, కానీ పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా చేరగలిగేది, దానికొక డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు (ఐపీ మారినా మారని పేరు) తగిలించాడు, ఇంటి నుంచి అందరూ ఆ పేరు కొట్టి వస్తారు. యూజర్ పేర్లు అకౌంట్స్, ఆడిట్, యూజర్1, యూజర్2 ఇలా. పాస్‌వర్డులు ఆఫీసు పేరు, పక్కన యాట్ గుర్తు, ఆ పక్కన 123. ఇవన్నీ చూసి తిట్టుకోవచ్చు గానీ ఆయనే ఒక మంచి పని కూడా చేశాడు, ఐదుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొడితే అకౌంట్ అరగంట లాక్ అయ్యేలా పెట్టాడు. తర్వాత చూస్తే ఆఫీసుని అన్నాళ్ళు కాపాడింది అదే, పనికి అడ్డం పడిందీ అదే.

ఫోన్ వచ్చింది

నెల 14న పొద్దున్నే ఆఫీసు ఓనర్ గారు, ఆయన పెద్దాయన, ఫోన్ చేసి "బాబూ, సర్వర్ రావట్లేదు, మొన్నట్నుంచి ఇదే గొడవ, 20 లోపల 3బీలన్నీ వేయాలి" అన్నారు. జీఎస్టీ పని చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు, నెలవారీ ఫైల్ చేసేవాళ్ళకి 11న ఒక రిటర్న్ (జీఎస్టీఆర్-1), 20న ఇంకోటి (3బీ), ఈ రెండు తేదీల చుట్టూ ఆ ఆఫీసులో టీ కూడా నిలబడే తాగుతారు.

"రావట్లేదు" అనే మాటతో మనం ఏమీ తేల్చలేం. సర్వర్ దాకా చేరకపోతే రావట్లేదంటారు, చేరాక పాస్‌వర్డ్ తీసుకోకపోయినా అదే మాట, లోపలికి వెళ్ళాక నల్ల స్క్రీన్ వచ్చినా అదే. ఈ మూడూ మూడు వేరే రోగాలు. అందుకే ఎవరికి రాకపోతే వాళ్ళు స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమన్నా. అంతకు ముందు రెండు రోజులు వాళ్ళలో వాళ్ళే చూసుకున్నారు, ఒక్కరు కూడా ఆ మెసేజ్ చదవలేదు, ఎర్రర్ అనగానే ఓకే కొట్టేయడం అందరికీ అలవాటే కదా. ఫోటో వచ్చింది. భద్రత కోసం ఈ అకౌంట్ లాక్ చేశాం, లాగిన్ ప్రయత్నాలు మరీ ఎక్కువయ్యాయి, కాసేపు ఆగి ట్రై చేయండి అని అందులో స్పష్టంగా రాసుంది.

ఈ ఒక్క ఫోటోతో సగం పని తేలిపోయింది. నెట్ ప్రాబ్లం కాదు, లైసెన్స్ ప్రాబ్లం కాదు, లైసెన్స్ సర్వర్ దొరకట్లేదనే మెసేజ్ వేరేలా ఉంటుంది. సర్వర్ బతికే ఉంది, పలుకుతోంది, కావాలనే వద్దంటోంది. ఇంకోటి అడిగా, ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి వస్తోందా అని. వాళ్ళకీ కొందరికి రావట్లేదు. అంటే ఇంటి ఇంటర్నెట్ మీద నింద వేయడానికి లేదు.

కానీ వాళ్ళు ఒక మాట గట్టిగా చెప్పారు, "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే బాగవుతోందండీ, కొన్ని గంటలు". ఇలాంటి మాటల్ని నేను కొట్టిపారేయను. కారణం తప్పు చెప్పొచ్చు గానీ చూసింది మాత్రం నిజమే చెప్తారు. రౌటర్‌కీ అకౌంట్ లాక్‌కీ ఏంటి సంబంధం అనేది అప్పటికి అర్థం కాలేదు, పక్కన రాసుకున్నా.

లాగ్‌లో ఏముంది

15న వెళ్ళి సర్వర్ ముందు కూర్చున్నా. సెక్యూరిటీ లాగ్‌లో ఫెయిలైన లాగిన్లు 4625 నంబర్‌తో పడతాయి. ఇక్కడ నేను ఒక పొరపాటు చేశా, చెప్తా వినండి, చాలామంది చేస్తారు. రిమోట్ డెస్క్‌టాప్ లాగిన్ అంటే లాగాన్ టైప్ 10 కదా అని 10తో ఫిల్టర్ వేశా. దాదాపు ఏమీ లేదు. అరే, ఫెయిల్యూర్సే లేకుండా లాక్ ఎలా అవుతోంది అని కాసేపు బుర్ర గోక్కున్నా. విషయం ఏంటంటే ఎన్‌ఎల్‌ఏ ఆన్‌లో ఉంటే, అంటే డెస్క్‌టాప్ చూపించక ముందే నెట్‌వర్క్ స్థాయిలో పాస్‌వర్డ్ చెక్ చేసే పద్ధతి ఉంటే, తప్పు పాస్‌వర్డ్ అక్కడే ఆగిపోతుంది, అది టైప్ 3 గా రికార్డ్ అవుతుంది. టైప్ 10 అనేది లోపలిదాకా వెళ్ళినవాళ్ళకే. ఫిల్టర్ తీసేయగానే ఒక్క రోజులో తొమ్మిది వేల పైచిలుకు 4625లు కనపడ్డాయి.

పేర్లు చూస్తే కథ మొత్తం అందులోనే ఉంది. అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, టెస్ట్, స్కాన్, బ్యాకప్, అకౌంట్స్, యూజర్1, ఇంకా మన ఊళ్ళో ఎవరూ పెట్టుకోని పేర్లు బోలెడు. ప్రతి 4625లోనూ సబ్ స్టేటస్ అని ఒక కోడ్ ఉంటుంది, దాన్ని చూడకుండా ఎవరూ నిర్ణయానికి రాకూడదు. చివర 64 ఉంటే ఆ పేరుతో అకౌంటే లేదు అని, 6ఏ ఉంటే పేరు కరెక్ట్ పాస్‌వర్డ్ తప్పు అని, 234 ఉంటే అకౌంట్ ఆల్రెడీ లాక్ అయి ఉంది అని. ఇక్కడ ఎక్కువ భాగం 64లు, అంటే గుడ్డిగా ఊహిస్తున్నారు. కానీ అకౌంట్స్, యూజర్1 దగ్గర మాత్రం 6ఏలు ఐదు, ఆ తర్వాత వరసగా 234లు. ఎవరివో బాట్లు, అంటే వాటంతటవే పాస్‌వర్డులు ఊహించి కొట్టే ప్రోగ్రాములు, ప్రపంచం నలుమూలల నుంచి తలుపు కొడుతున్నాయి, మన యూజర్ పేర్లు వాటి లిస్టులో ఉండబట్టి అవి లాక్ అవుతున్నాయి, మన స్టాఫ్ ఆఫీసుకొచ్చి కూర్చునేసరికి వాళ్ళ అకౌంట్ ఎవరో వాడేసి పారేసినట్టుంటోంది.

రౌటర్ కథ కూడా ఇక్కడే విడిపోయింది. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఆఫీసు పబ్లిక్ ఐపీ మారుతుంది. డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు కొట్టే స్టాఫ్ కొత్త ఐపీకి వచ్చేస్తారు, పాత ఐపీని కొడుతున్న బాట్లు మాత్రం గోడని కొడుతూ ఉంటాయి. మళ్ళీ ఏదో స్కానర్‌కి కొత్త ఐపీ దొరికేదాకా ప్రశాంతం. వాళ్ళు చెప్పింది అక్షరాలా నిజం.

సరిచేయడం మొదలుపెట్టే ముందు ఇంకో ప్రశ్నకి జవాబు కావాలి, ఇప్పటికే ఎవరైనా లోపలికి వచ్చారా? వచ్చి ఉంటే తాళం మార్చడం కాదు, ఇల్లంతా వెతకాలి. సెక్యూరిటీ లాగ్ సైజు డిఫాల్ట్‌గా 20 ఎంబీ, ఈ వరదకి రెండు రోజుల వెనక్కి కూడా లేదు. అదృష్టం ఏంటంటే రిమోట్ డెస్క్‌టాప్ సెషన్లకి లోకల్ సెషన్ మేనేజర్ అని వేరే లాగ్ ఉంది, అందులో లోపలికి వచ్చినవాళ్ళే పడతారు, 21 నంబర్ ఈవెంట్‌లో యూజర్ పేరు, ఎక్కడినుంచి వచ్చారో ఐపీ ఉంటాయి. ఫెయిల్యూర్లు అందులో పడవు కాబట్టి అది చాలా నెలల వెనక్కి ఉంది. కూర్చుని మొత్తం చూశా. అన్నీ ఆఫీసు ఐపీలు, స్టాఫ్ ఇళ్ళ ఐపీలే, టైమింగులు కూడా పనివేళలే. కొత్త యూజర్లు లేరు, తెలియని సర్వీసులు లేవు. ఆ 123 పాస్‌వర్డులతో అన్నేళ్ళు నెట్టుకొచ్చారంటే ఆ లాకౌట్ పుణ్యమే. లెక్క వేయండి, అరగంటకి ఐదు ప్రయత్నాలంటే రోజుకి ఒక యూజర్ మీద మహా అయితే 240. లాకౌట్ లేకపోతే ఆ లెక్కే ఉండదు.

తెలిసీ చేసిన తప్పు

ఆ సాయంత్రం ఓనర్ గారికి చెప్పా, సార్, ఈ పోర్ట్ ఇప్పుడే మూసేయాలి, ఇంటి నుంచి వచ్చేవాళ్ళకి వీపీఎన్, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తాళం ఉన్న సొంత దారి, పెడదాం అని. ఆయన ఒప్పుకోలేదు. నలుగురు ఇంటి నుంచి చేస్తున్నారు, అందులో ఒకావిడకి పురుడయ్యి రెండు నెలలు, 20 దాకా ఏదీ కదపొద్దు అన్నారు. ఆయన వైపు నుంచి చూస్తే అందులోనూ న్యాయం ఉంది, లేట్ ఫీజులు క్లయింట్లు ఈయన్నే అడుగుతారు. "పోనీ ఆ లాకయ్యేది తీసేయ్ బాబూ, గొడవ వదిలిపోద్ది కదా" అని ఆయనే ఒక దారి చూపించారు. అది మాత్రం కుదరదని చెప్పా, పైన లెక్క ఆయనకి కాగితం మీద వేసి చూపిస్తే అర్థమైంది, లెక్కల మనిషే కదా.

అందుకని మధ్యేమార్గంగా పోర్ట్ మార్చా. బయటికి 3389 బదులు ఒక పెద్ద నంబర్. ఇది భద్రత కాదని నాకు తెలుసు, అడ్రస్ బోర్డు తీసేసినట్టే, తలుపు తెరిచే ఉంది. ఐదు రోజులు గడవాలి అంతే. పేర్లు ఊహించలేనట్టు మార్చేద్దామా అని కూడా అనుకున్నా, కానీ నలుగురికి ఫోన్లో కొత్త పేరు చెప్పి షార్ట్‌కట్లు మార్పించడం పెద్ద తంతు అని వాయిదా వేశా. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఐదు రోజులకి పోర్ట్ మార్చడం కన్నా పేర్లు మార్చడమే బాగా పని చేసేది, ఎందుకంటే బాట్‌కి పేరు తెలియకపోతే లాక్ చేయడానికి అకౌంటే దొరకదు. నేను నాకు తేలికైంది చేశా.

మూడు రోజులు లాగ్ నిశ్శబ్దంగా ఉంది. ఈలోపు 16న ఓనర్ గారి అన్నయ్య కొడుకు, కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాడు, ఏదో వీడియో చూసి ఎన్‌ఎల్‌ఏ తీసేశాడు, "అది తీస్తే లాగిన్ ప్రాబ్లమ్స్ రావంట బాబాయ్" అని. లాగిన్ సమస్య ఏదున్నా మొదట అదే తీయమని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. అది తీస్తే జరిగేది ఏంటంటే పాస్‌వర్డ్ చెప్పకముందే ఎవడికైనా మన సర్వర్ లాగిన్ స్క్రీన్ కనిపిస్తుంది, ప్రతి వాడికీ సర్వర్ ఒక సెషన్ తయారు చేసి కూర్చోబెడుతుంది. 2019 మేలో రిమోట్ డెస్క్‌టాప్‌లో పాస్‌వర్డ్ లేకుండానే చొరబడే లోపం ఒకటి, బ్లూకీప్ అంటారు, బయటపడింది, అది పాత విండోస్‌లకే అనుకుంటే అదే ఏడాది ఆగస్టులో అలాంటివే కొత్త వెర్షన్లలో కూడా బయటపడ్డాయి, వాటిలో ఎన్‌ఎల్‌ఏ ఉన్న మెషీన్ మీదికి పాస్‌వర్డ్ లేకుండా రావడం కుదరదు. ఈ సర్వర్‌కి ప్యాచ్‌లు పడ్డాయి, నిజమే, కానీ రేపు వచ్చేదానికి ఇంకా ప్యాచ్ రాలేదు కదా. తిరిగి ఆన్ చేసి కుర్రాడికి లాగ్ ఎలా చదవాలో చూపించా. కోప్పడితే ఈసారి చెప్పకుండా చేస్తాడు, నేర్పితే ఫోన్ చేస్తాడు.

18 మధ్యాహ్నానికి బాట్లు కొత్త పోర్ట్‌కీ వచ్చేశాయి. మూడు రోజులు, అంతే. 18, 19, 20 నేను చేసిన పని చెప్పుకుంటే నవ్వుతారు, ఇంట్లో కూర్చుని ఎవరు ఫోన్ చేస్తే వాళ్ళ యూజర్ ప్రాపర్టీస్ తెరిచి అకౌంట్ లాక్ టిక్ తీసేయడం. 20 రాత్రి పదకొండున్నరకి చివరి 3బీ వెళ్ళింది.

ఆదివారం

తర్వాత వచ్చిన ఆదివారం ఆఫీసు మాది. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సపోర్ట్ ఉన్న చిన్న రౌటర్ ఒకటి కొనిపించి పెట్టా. వైర్‌గార్డ్ ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, స్టాఫ్ ల్యాప్‌టాప్‌లో ఒక ఫైల్ ఇంపోర్ట్ చేస్తే అయిపోతుంది, మళ్ళీ ఇంకో పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమని చెప్పక్కర్లేదు. రెండు, తాళం లేనివాడు తట్టినా అది అసలు పలకదు, స్కానర్‌కి అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. ఇన్నాళ్ళ మన గొడవంతా తలుపు పలకడం వల్లే కదా వచ్చింది. పోర్ట్ ఫార్వర్డ్ పీకేశా, సర్వర్ ఫైర్‌వాల్‌లో రిమోట్ డెస్క్‌టాప్ రూల్‌ని ఆఫీసు నెట్‌వర్క్, వీపీఎన్ ఐపీలకి మాత్రమే అని కట్టేశా. అందరి పాస్‌వర్డులూ మార్చేశా, పొడుగాటివి, ఎవరివి వాళ్ళకి కాగితం మీద రాసిచ్చి. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి.

సాయంత్రం ఇంటి నుంచి టెస్ట్ చేయమంటే నలుగురిలో ఇద్దరికి వీపీఎన్ కలిసింది కానీ సర్వర్ రాలేదు. ఇది నేను ముందే చూసుకోవాల్సింది. ఆఫీసు నెట్‌వర్క్ 192.168.1, వాళ్ళ ఇంటి రౌటర్ కూడా 192.168.1. సర్వర్ ఐపీ కొడితే ఆ ప్యాకెట్ వీపీఎన్ టన్నెల్లోకి వెళ్ళాలా ఇంట్లోనే వెతకాలా అని ల్యాప్‌టాప్‌కే తెలియదు. ఒకే వీధిలో ఒకే డోర్ నంబర్‌తో రెండు ఇళ్ళున్నట్టు. ఇళ్ళ రౌటర్లు మార్పించే బదులు ఆ రాత్రే ఆఫీసు నెట్‌వర్క్‌ని 192.168.57కి మార్చేశా. ఎవరి ఇంట్లోనూ ఉండని నంబర్ ఏదైనా పర్లేదు. సోమవారం పొద్దున్న ప్రింటర్ పని చేయలేదు, దానికి పాత ఐపీ చేత్తో కొట్టి ఉంది, అది పది నిమిషాల పని.

ఆ రోజు సాయంత్రం లాగ్ తెరిస్తే బయటి నుంచి ఒక్క 4625 లేదు. తొమ్మిది వేల నుంచి సున్నా. బిల్లు ఇచ్చేశా, ఓనర్ గారు పూతరేకులు కూడా ఇచ్చి పంపారు.

మళ్ళీ అదే మెసేజ్

రెండు రోజులకి అకౌంట్స్ మేడం ఫోన్. ఆవిడ ఆఫీసులో అందరికన్నా సీనియర్, అకౌంట్స్ అనే యూజర్ ఆవిడదే. "ఏమండీ, నాకు మళ్ళీ లాక్ అంటోంది". కొత్త పాస్‌వర్డ్ పొడుగ్గా ఉంది కదా, తప్పు కొట్టి ఉంటారులే అనుకుని, క్యాప్స్ లాక్ చూసుకోండి మేడం అని చెప్పి లాక్ తీసేశా. ఆవిడ ఏమీ అనలేదు. రెండు రోజులాగి మళ్ళీ. ఈసారి ఆవిడే ఒక విషయం చెప్పారు, "ఆఫీసులో ఉంటే వస్తోందండీ, ఇంటి నుంచి అయితేనే రావట్లేదు". నాకు అది చాలు, వీపీఎన్ మీద పడిపోయా. టన్నెల్ సెట్టింగులు, ఆవిడ ఇంటి రౌటర్, ల్యాప్‌టాప్‌లో సేవ్ అయిన పాత పాస్‌వర్డ్ ఏమైనా ఉందా అని క్రెడెన్షియల్ మేనేజర్, అన్నీ చూశా. రెండు సాయంత్రాలు పోయాయి. అన్నీ బాగానే ఉన్నాయి.

లాక్ అయిందని మెసేజ్ చెప్తుంటే నేను దారి వెతుకుతున్నా, అదీ నా తెలివి. మొదటి కేసులో ఫోటో అడిగి లాగ్ చూసినవాణ్ణి, రెండోసారి నా పని నేనే నమ్మేసుకుని లాగ్ తెరవలేదు. బాట్లు పోయాయి కాబట్టి లాకౌట్ రాకూడదు, వస్తే మనిషి తప్పే అని ముందే తీర్పు రాసేసుకున్నా.

పదో రోజు ఆవిడ కొంచెం చిరాగ్గానే "రాత్రి ఏడింటికి ఇంటి నుంచే వచ్చింది, పొద్దున తొమ్మిదిన్నరకి ఇంటి నుంచే రాలేదు, నా వేళ్ళు పొద్దున ఒకలా రాత్రి ఒకలా ఉంటాయా" అన్నారు. అప్పుడు వెలిగింది. అదే ల్యాప్‌టాప్, అదే ఇల్లు, అదే వీపీఎన్, అదే పాస్‌వర్డ్. మారింది టైమ్ ఒక్కటే. అయితే ఆఫీసులో ఉంటే ఎందుకు వస్తోంది? ఆఫీసుకి వచ్చే రోజుల్లో ఆవిడ తొమ్మిదింటికల్లా వచ్చి లాగిన్ అయిపోతారు. ఒకసారి లోపల కూర్చున్నాక వెనక అకౌంట్ లాక్ అయినా ఉన్న సెషన్‌కి ఏమీ కాదు. అంటే ఇల్లా ఆఫీసా అనేది కాదు, తొమ్మిదింటికీ తొమ్మిదిన్నరకీ మధ్య ఏదో జరుగుతోంది.

లాగ్‌లో 4740 అని ఇంకో ఈవెంట్ ఉంటుంది, అకౌంట్ లాక్ అయిన క్షణం అది పడుతుంది, ఏ మెషీన్ వల్ల లాక్ అయిందో పేరు కూడా అందులో ఉంటుంది. తెరిస్తే ప్రతి పనిదినం పొద్దున తొమ్మిదీ ఇరవై, ఇరవై ఐదు మధ్య మొదలై సాయంత్రం ఆరు దాకా అరగంటకోసారి లాక్ అవుతోంది, మెషీన్ పేరు రిసెప్షన్ పీసీ. ఆ పక్కన 4625లలో సబ్ స్టేటస్ చివర 6ఏ, ముప్పై సెకన్లకొకటి, గడియారం కొట్టినట్టు. మనిషి ముప్పై సెకన్లకొకసారి అంత క్రమంగా తప్పు కొట్టడు.

నిజం చెప్పాలంటే మొదట భయం వేసింది, లోపల పీసీకి ఏదో వైరస్ పట్టి అది కొడుతోందేమో అని. రిసెప్షన్ అమ్మాయిని లేపి ఆ పీసీ ముందు కూర్చుని, నెట్ కేబుల్ పీకేసి టాస్క్ షెడ్యూలర్ తెరిచా. అందులో పాత టెక్నీషియన్ పెట్టిన ఒక టాస్క్ ఉంది, ఆ పీసీలో ఎవరు లాగిన్ అయినా విండో కనపడకుండా మొదలవుతుంది, సర్వర్ నుంచి టాలీ డేటా ఫోల్డర్‌ని ఆ పీసీకి తగిలించిన ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కి రోబోకాపీతో (విండోస్‌లో ఉండే ఫైల్ కాపీ ప్రోగ్రామ్) లాగుతుంది. సర్వర్ దగ్గర చూపించడానికి క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఒక యూజర్, పాస్‌వర్డ్ సేవ్ చేసి ఉంది. ఆ యూజర్ అకౌంట్స్. పాస్‌వర్డ్, నేను ఆదివారం మార్చక ముందుది.

మిగతాదంతా రోబోకాపీ స్వభావం. దానికి ఎన్నిసార్లు ప్రయత్నించాలో చెప్పకపోతే డిఫాల్ట్‌గా పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, మధ్యలో ముప్పై సెకన్లు ఆగి. అమ్మాయి తొమ్మిదీ ఇరవైకి పీసీ ఆన్ చేస్తుంది, రెండు మూడు నిమిషాల్లో ఐదు తప్పులు పూర్తి, అకౌంట్స్ లాక్. అరగంటకి లాక్ విడుతుంది, మళ్ళీ రెండు మూడు నిమిషాల్లో లాక్. ఆ రెండు మూడు నిమిషాల సందులో మేడం కొడితే వస్తుంది, లేకపోతే లేదు. ఆరింటికి అమ్మాయి పీసీ ఆపేసి ఇంటికెళ్తుంది, ఆరున్నర తర్వాత అంతా బాగుంటుంది. స్క్రిప్ట్‌లో సర్వర్ ఐపీ కాకుండా పేరు ఉండబట్టి నేను నెట్‌వర్క్ నంబర్ మార్చినా దానికి ఏమీ కాలేదు, పేరు పట్టుకుని వచ్చేసింది. ఐపీ ఉండుంటే సర్వర్ దాకా చేరేదే కాదు, లాకౌటూ వచ్చేది కాదు, మాకు ఈ సంగతీ తెలిసేది కాదు.

ఎందుకంటే అసలు విషయం లాకౌట్ కాదు. ఆ టాస్క్ పేరు డైలీ బ్యాకప్. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తెరిస్తే చివరి ఫైల్ తేదీ నేను పాస్‌వర్డులు మార్చిన ఆదివారానికి ముందు శనివారం. పది రోజులుగా ఆ ఆఫీసుకి బ్యాకప్ లేదు. ఓనర్ గారికి ఆ మాట నేనే చెప్పా, దాచలేదు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మరి ఇప్పుడు తీయి" అన్నారు.

ఏం మార్చాం, నాకేం మిగిలింది

బ్యాకప్ కోసమే ఒక యూజర్ చేశా, ఆ ఫోల్డర్ చదవడం తప్ప దానికి ఏ హక్కూ లేదు, రిమోట్ డెస్క్‌టాప్‌లోకి రాకుండా కట్టేశా. స్క్రిప్ట్‌లో ప్రయత్నాలు మూడు, మధ్యలో పది సెకన్లు అని రాశా, ఫెయిలైతే రిసెప్షన్ పీసీ స్క్రీన్ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో బ్యాకప్ అవలేదు అని వస్తుంది. 4740 పడితే నాకు మెయిల్ వచ్చేలా సర్వర్‌లో ఆ ఈవెంట్‌కి టాస్క్ తగిలించా. సెక్యూరిటీ లాగ్ సైజు పెంచా. అడ్మినిస్ట్రేటర్ పేరుతో రిమోట్‌లోకి ఎవరూ రారు ఇప్పుడు.

అప్పట్నుంచి ఏ ఆఫీసులో అయినా పాస్‌వర్డ్ మార్చే ముందు ఒక పని చేస్తున్నా. ఆ యూజర్ పేరుతో గత రెండు వారాల్లో సక్సెస్ అయిన లాగిన్లు, అంటే 4624లు, ఏ ఏ మెషీన్ల నుంచి వచ్చాయో తీస్తా. మనిషి కూర్చోని మెషీన్ నుంచి వస్తుంటే అక్కడ ఏదో స్క్రిప్టో, స్కానరో, మ్యాప్ చేసిన డ్రైవో ఉన్నట్టే. ఇక్కడ ఆ ఆదివారం లాగ్ ఆ వరదలో కొట్టుకుపోయింది కాబట్టి ఆ చెక్ చేసినా బహుశా దొరికేది కాదు. కానీ ఆ రోజు నేను చేయాలని కూడా అనుకోలేదు, అది వేరే సంగతి. అలాంటప్పుడు అందరివీ ఒకేసారి కాకుండా రోజుకి ఒకరిది మార్చి మర్నాడు లాగ్ చూస్తే సరిపోయేది. బయటి తలుపు అప్పటికే మూసేశా కాబట్టి అంత తొందర కూడా లేదు.

స్టాఫ్ మాటల విషయంలో కూడా ఇప్పుడు కొంచెం మారా. రౌటర్ రీస్టార్ట్ మాట కారణం తెలియకపోయినా పక్కన రాసుకున్నా, అది పనికొచ్చింది. మేడం చెప్పిన ఇల్లు-ఆఫీసు మాట కూడా నిజమే, నేను దాన్ని తొందరపడి కారణంగా తీసుకున్నా. ఇప్పుడు ఎవరైనా "అక్కడైతే వస్తోంది ఇక్కడైతే రావట్లేదు" అంటే మొదట అడిగేది ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి రాలేదు అనే.

మూడు నెలలైంది. మెయిల్ రెండుసార్లు వచ్చింది. ఒకటి కొత్తగా చేరిన కుర్రాడు పాస్‌వర్డ్ మర్చిపోయి. ఇంకోటి ఓనర్ గారిది, ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచే నాలుగంకెల పిన్‌నే సర్వర్‌కి కూడా కొడుతున్నారు. ఫోన్ చేస్తే, "అదీ ఇదీ ఒకటి కాదా బాబూ" అన్నారు.